పోటీకి ముందటి వారం

శ్రమించడం ఒక విద్య అని అందరూ ఒప్పుకొంటారు. శ్రమను తగిన సమయానికి ఆపడం కూడా ఒక విద్యే అని ఒప్పుకొనేవారు తక్కువ. మన సామెతలలో ఎక్కువ భాగం శ్రమ పక్షమే వహించినవి. విశ్రాంతి అన్న మాట ఎత్తగానే దాని వెంట సోమరితనం అన్న అనుమానం బయలుదేరుతుంది. అయితే దేహాన్నే సాధనంగా చేసుకొని దూరాలు కొలిచేవారికి ఈ రెండవ విద్య రాకపోతే మొదటిది కూడా అక్కరకు రాదు. ఇందుకు నిదర్శనం కోసం ఏ విజేత జీవితాన్నో వెదకనక్కరలేదు. భిలాయి ఉక్కు నగరంలో, వైశాలి నగర్‌లో నివసించే ఒక సాధారణ కార్మికుడు ఒక చిన్న పోటీకి ముందు గడిపిన ఏడు రోజులను చూస్తే చాలు.

ఆ పోటీని ట్రయథ్లాన్ అంటారు. ఈత, సైకిలు, పరుగు ఈ మూడూ ఒకదాని వెంట ఒకటిగా, నడుమ విరామం లేకుండా ముగించవలసిన పోటీ అది. ఈ పేరుతో మొట్టమొదటి పోటీ 1974 సెప్టెంబరు 25న అమెరికాలో శాన్ డియాగో నగరపు మిషన్ బే తీరాన జరిగింది. 1978లో హవాయి దీవులలో 15 మంది బయలుదేరి 12 మంది మాత్రమే ముగించిన సుదీర్ఘమైన పోటీ వల్ల దీనికి లోకంలో పేరు వచ్చింది. 2000లో సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో దీనికి స్థానం లభించింది. అక్కడి దూరాలలో సగం పెట్టి సామాన్యుల కోసం ఏర్పరచినది పొట్టి పోటీ: 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిలు, 5 కిలోమీటర్ల పరుగు. పొట్టి అన్న మాటేగాని, ఎనిమిది గంటలు కర్మాగారంలో నిలబడి ఇంటికి వచ్చే మనిషికి అందులో ఏ ఒక్కటీ పొట్టిది కాదు.

భిలాయి కర్మాగారం సోవియట్ రష్యా సహాయంతో నిర్మింపబడింది. 1955లో ఒడంబడిక కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించాడు. ఆ పునాదులు తవ్విన చేతులలో శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన చేతులు ఎన్నో ఉన్నవి. ఈ కార్మికుని తండ్రి అట్లా 1958లో, పద్దెనిమిదేళ్ల వయస్సులో, ఒక తట్ట, ఒక దుప్పటితో వచ్చినవాడు. తరువాత రైలు పట్టాల మిల్లులో స్థిరపడ్డాడు. హౌరా నుంచి ముంబయి పోయే రైలు మార్గానికి దక్షిణాన, చెట్ల నీడలో వరుసలు తీరిన సెక్టార్లలో కంపెనీ క్వార్టరు ఇచ్చింది. ఉద్యోగం ముగిశాక క్వార్టరు ఖాళీ చేయవలసి వచ్చింది. అప్పుడు చాలా కుటుంబాలు చేసినట్లే, మార్గానికి ఉత్తరాన సుపేలా దాటి, వైశాలి నగర్‌లో రెండు గదుల ఇల్లు కట్టుకొన్నాడు. ఇప్పుడు ఎనభై దాటిన ఆ వృద్ధుడు ముందు గదిలో ఉంటాడు. కొడుకు కూడ అదే కర్మాగారంలో పని చేస్తున్నాడు. వయస్సు నలభై ఏడు.

కొడుకు ఈ పోటీలలో ప్రవేశించింది పతకాల ఆశతో కాదు. నాలుగేళ్ల క్రితం వైద్యుడు అతని రక్తంలో చక్కెర హద్దు మీద ఉన్నదని చెప్పాడు. అతని తల్లి అదే వ్యాధితో మొదట చూపును, తరువాత ప్రాణాన్ని పోగొట్టుకొన్నది. అందుకని నడక మొదలుపెట్టాడు, నడక పరుగైంది, పరుగుకు సైకిలు తోడైంది, చివరకు ఈత వచ్చి చేరింది. తండ్రి పిల్లవాడుగా ఉన్నప్పుడు ఎండిన సొరకాయ బుర్రలు నడుముకు కట్టుకొని ఊరి చెరువులో ఈత నేర్చుకొన్నాడు. కొడుకు మాత్రం నలభై నాలుగవ ఏట, గోడలూ గీతలూ ఉన్న 25 మీటర్ల కొలనులో నేర్చుకొన్నాడు. అక్కడ ముప్పై మార్లు అటూ ఇటూ పోతే 750 మీటర్లు. కిందటి ఏడు మొదటిసారిగా ఒక జలాశయంలో జరిగిన పోటీకి పోయాడు. అక్కడ పట్టుకొనేందుకు గోడ లేదు, అడుగున గీత లేదు, నీరు చల్లగా ఉన్నది. వంద మీటర్లు పోయేసరికి ఊపిరి అందలేదు. కాపలా పడవ అంచు పట్టుకొని ఒడ్డుకు తిరిగి వచ్చాడు. ఆ సంగతి భార్యకు చెప్పాడు గాని తండ్రికి చెప్పలేదు. ఈ ఏడు డిసెంబరులో మళ్లీ అటువంటి పోటీకే పేరు ఇచ్చాడు. కాబట్టి ఈ వారం అతనికి వట్టి వ్యాయామపు వారం కాదు.

ఆదివారం పోటీ. సోమవారం నుంచి చేయవలసినదాన్ని అతడు ఒక కాగితం మీద వ్రాసి గోడకు అంటించాడు. ఆ కాగితంలో చేయవలసినవాటి కంటె చేయకూడనివి ఎక్కువగా ఉన్నవి. దీనికి శాస్త్రీయమైన కారణం ఉన్నది. సాధన చేసే సమయంలో దేహం బలపడదు, అలసిపోతుంది. కండరాల పోగులలో కంటికి కనపడని గాయాలౌతవి. వాటిలో నిల్వ ఉన్న గ్లైకోజెన్ ఖర్చౌతుంది. బలం చేరేది ఆ తరువాత, నిద్రలోను విశ్రాంతిలోను. చివరి వారంలో పడిన కొత్త శ్రమకు ఫలితం పోటీనాటికి అందదు. అలసట మాత్రం తప్పక అందుతుంది. అందుచేత దూరాన్ని సుమారు సగానికి తగ్గించి, వేగాన్ని మాత్రం తగ్గించకుండా ఉంచడం మంచిదని పరిశోధకులు తేల్చారు. దీనివల్ల కలిగే లాభం నూటికి రెండు మూడు పాళ్లు. గంటన్నర పట్టే పోటీలో అది రెండు మూడు నిమిషాలు.

సోమవారం విశ్రాంతి. మంగళవారం తెల్లవారుజామున సెక్టార్ల వైపు పోయి, జనం లేని వెడల్పాటి రోడ్ల మీద ముప్పావుగంట సైకిలు తొక్కాడు. అందులో నాలుగు మార్లు, ఒక్కొక్క నిమిషం, పోటీలో పోవలసిన వేగంతో పోయాడు. దిగగానే పది నిమిషాలు పరుగెత్తాడు. సైకిలు దిగిన కాళ్లకు పరుగు వెంటనే రాదు; అవి కాసేపు పరాయి కాళ్లలాగా ఉంటవి. ఆ మార్పు దేహానికి గుర్తుండడం కోసమే ఈ పది నిమిషాలు. ఇంకొక గంట పోగల సత్తువ ఉన్నది, పోవాలన్న కోరిక కూడ ఉన్నది. ఇంటికి తిరిగి వచ్చాడు.

ఆ సాయంకాలం తండ్రి అడిగాడు: "ఏరా, వారమంతా సైకిలు గోడకే ఆనించి ఉంటున్నదేం? ఒంట్లో బాగులేదా?"

"బాగానే ఉన్నది నాన్నా. ఆదివారం పోటీ. అందుకని తగ్గించాను."

"పోటీ దగ్గరపడితే ఎక్కువ చెయ్యాలి గాని తగ్గిస్తారా ఎక్కడైనా?"

కొడుకు గోడ మీది కాగితం చూపించాడు. తండ్రి కళ్లజోడు పెట్టుకొని చదివి, ఏమీ అనకుండా తిరిగి ఇచ్చాడు.

బుధవారం వేరొక చిక్కు వచ్చింది. పనివేళల జాబితాలో గురువారం రాత్రి డ్యూటీ, అనగా రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు, అతని పేర పడింది. సాధన తగ్గించి నిద్ర పోగొట్టుకొంటే తగ్గించి లాభమేమి? తోటి పనివాడైన ఒక ఛత్తీస్‌గఢీ మిత్రుణ్ణి మార్పు అడిగాడు. అతడు నవ్వి, "భయ్యా, పరుగెత్తడానికి సెలవు అడిగినవాళ్లను చూశాను, నిద్రపోవడానికి అడిగినవాణ్ణి నిన్నే చూస్తున్నాను" అన్నాడు. అయినా ఒప్పుకొన్నాడు. బదులుగా జనవరిలో ఛేర్‌ఛేరా పండుగనాడు, పిల్లలు ఇంటింటికీ తిరిగి కొత్త ధాన్యం అడిగే ఆ పున్నమినాడు, ఇతడు అతని పని చేయాలి. నిద్రకు కూడ వెల ఉన్నదని కార్మికునికి తెలిసినంతగా ఇతరులకు తెలియదు.

గురువారం అన్నిటికన్న కష్టమైన రోజు. చేసిన శ్రమ తగ్గేసరికి దేహం నానా రకాల కబుర్లు చెప్పసాగింది. కుడి మోకాలిలో ఎన్నడూ లేని నొప్పి తోచింది. బరువు తూచుకొంటే కిలోకు పైగా పెరిగాడు. ప్రతి గ్రాము గ్లైకోజెన్ తనతో సుమారు మూడు గ్రాముల నీటిని నిల్వ పెట్టుకొంటుందనీ, ఈ బరువు కొవ్వు కాదనీ అతడు చదివే ఉన్నాడు. కాని చక్కెర వ్యాధికి భయపడి పరుగు మొదలుపెట్టిన మనిషికి తూనిక ముల్లు ముందుకు జరగడం అంత తేలికగా మరపుకు వచ్చేది కాదు. నాలుగు సంవత్సరాల కష్టం నాలుగు రోజులలో కరిగిపోతున్నదని అనిపించింది. చీకటి పడుతుండగా సైకిలు బయటికి తీశాడు. ఒక్కసారి ముప్పై కిలోమీటర్లు గట్టిగా తొక్కి చూస్తే మనస్సు కుదుటపడుతుందని అతని ఆలోచన.

భార్య గుమ్మంలోకి వచ్చి, "ఏమండీ, తుడవడానికా, తొక్కడానికా?" అన్నది.

అతడు కొంతసేపు జవాబు చెప్పలేదు. తరువాత గుడ్డ, నూనెడబ్బా తెమ్మని అడిగి, అరుగు మీద కూర్చుండి గొలుసు తుడవసాగాడు.

తండ్రి కుర్చీ జరుపుకొని పక్కన కూర్చున్నాడు. గోడ మీది కాగితం సంగతి అతని మనస్సులో ఇంకా ఉన్నట్లుంది. "మా మిల్లులో పట్టా ఎర్రగా బయటికి వచ్చేది" అని మొదలుపెట్టాడు. "దాన్ని గబుక్కున చల్లారనిస్తే లోపల బీట పడుతుంది. పైకి ఏమీ కనపడదు. బండ్లు పోగా పోగా ఎప్పుడో ఒకనాడు విరుగుతుంది. అందుకే మెల్లగా చల్లారబెట్టాలని పెద్ద మేస్త్రీ కేకలేసేవాడు."

వృద్ధుడు చెప్పినది లోహశాస్త్రం అంగీకరించిన విషయమే. కరిగిన ఉక్కులో చేరిన హైడ్రోజన్ ఉక్కు చల్లారేటప్పుడు బయటికి పోవాలి. త్వరగా చల్లారితే అది లోపలే చిక్కుకొని వెంట్రుకవంటి పగుళ్లు పుట్టిస్తుంది. అందుచేత పూర్వం పట్టాలను మూత ఉన్న గోతులలో పేర్చి గంటల తరబడి నెమ్మదిగా చల్లార్చేవారు. తరువాతి కాలంలో ద్రవరూపంలో ఉన్నప్పుడే, గాలి తీసిన పాత్రలలో ఆ వాయువును లాగివేసే పద్ధతి వచ్చింది. ఏ పద్ధతిలోనైనా, వేడిలో రూపం పొందినంత మాత్రాన ఉక్కు పని పూర్తి కాదు.

కాని ఇక్కడ మరొక సంగతి చెప్పకపోతే ఈ పోలిక అసంపూర్ణం. పట్టాలను అంత జాగ్రత్తగా చల్లార్చిన ఆ మనుష్యులకు తమ దేహాలను చల్లార్చుకొనే వ్యవధి ఎవరూ ఇవ్వలేదు. ఒక వారం పగలు, ఒక వారం సాయంకాలం, ఒక వారం రాత్రి. సెలవు దొరికితే ఊళ్లో పెళ్లి, లేకపోతే చావు. ఉద్యోగం ముగిసిన మరునాడు ఈ వృద్ధుడు తెల్లవారుజామున నాలుగు గంటలకే లేచి, స్నానం చేసి, ఎక్కడికి పోవాలో తెలియక గేటు దగ్గర నిలబడ్డాడు. ఆ అలవాటు పోవడానికి రెండేళ్లు పట్టింది. అతని మోకాళ్లు అప్పటికే అరిగిపోయినవి. కొడుకు ఈ వారం నేర్చుకొంటున్న విద్య ఆ ఇంట్లో ఎవరూ నేర్వనిది, నేర్వడానికి వీలు లేనిది. అందుకే అది సోమరితనంలాగా కనిపించింది. తల్లి వైపు నుంచి వ్యాధి, తండ్రి వైపు నుంచి ఆగని కాళ్లు, ఈ రెండూ అతనికి సంక్రమించినవి. మొదటిదాన్ని శ్రమతో ఎదిరించాడు. రెండవదాన్ని శ్రమతో ఎదిరించడానికి వీలులేదు.

శుక్రవారం ఉదయం అరుగు మీద తువాలు పరచి, పోటీలో వాడే వరుసలోనే వస్తువులు పేర్చాడు: శిరస్త్రాణం, సైకిలు బూట్లు, నంబరు కట్టిన నడుము పట్టీ, పరుగు బూట్లు. నీటిలో నుంచి వచ్చినవాడు ముందు శిరస్త్రాణం పెట్టుకొని పట్టీ బిగించాలి. ఆ తరువాతే సైకిలు నిలుపుచోటు నుంచి తీయాలి. ఇది నియమం. నాలుగు మార్లు అభ్యాసం చేసి చూశాడు. తండ్రి అంతా చూస్తూ, "టోపీ లేనిదే గేటు దాటనివ్వరన్నమాట. అదొక్కటి మా పద్ధతే" అని మెచ్చుకొన్నాడు. రాత్రి దుర్గ్ స్టేషనులో రైలు ఎక్కేటప్పుడు సంచిలో అటుకులు, అరటిపళ్లు, ఉప్పు పొట్లం ఉన్నవి.

శనివారం మధ్యాహ్నం జలాశయంలో పది నిమిషాలు దిగే అవకాశం ఇచ్చారు. చల్లని నీరు ఒంటికి తగలగానే ఊపిరి ఎగబీల్చడం దేహ సహజం. అది ఒకటి రెండు నిమిషాలలో తగ్గుతుంది. కిందటి ఏడు అతనికి ఈ సంగతి తెలియదు. తెలియనందువల్ల ఆ మొదటి నిమిషాన్ని ప్రాణం పోయే నిమిషంగా భావించాడు. ఇప్పుడు ముందు ముఖం మీద నీళ్లు చల్లుకొన్నాడు, మెడ దాకా దిగి నిలబడ్డాడు, ఊపిరిని నెమ్మదిగా నీటిలోకి వదిలాడు. కొంత దూరం ఈది వెల్లకిల తేలాడు. భయం పోలేదు, ఒడ్డు ఎంత దూరమో మాటిమాటికీ చూచుకొన్నాడు. అయితే కాళ్లు తేలికగా ఉన్నవి, భుజాలలో నొప్పి లేదు, పడవ దగ్గరికి పోవాలని తోచలేదు.

రాత్రి ఎనిమిదింటికి ఫోను మోగింది. తండ్రి. కిందటి ఏటి సంగతి కోడలు ఎప్పుడో చెప్పిందని అప్పుడు బయటపడింది.

"నీళ్లు చూశావా?"

"చూశాను నాన్నా. చల్లగా ఉన్నవి."

"ఊఁ. భోజనమైందా?"

"అయింది."

"అయితే ఇంకా మేలుకొని ఉన్నావేం? ఫోను పెట్టి పడుకో."