సర్‌ప్రైజ్ ఊళ్ళో బంతాట

అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో సర్‌ప్రైజ్ అనే ఊరొకటి ఉంది. ఊరికి ఆ పేరేమిటని మీరు నవ్వుకుంటారేమో, నేనూ నవ్వాను. 1938లో ఫ్లోరా మే స్టాట్లర్ అనే ఆవిడ అక్కడ స్థలాలు వేయించిందట. ఈ ఎడారిలో ఇది ఎప్పటికైనా ఊరంటూ అయితే అదే పెద్ద ఆశ్చర్యం అనుకుని ఆ పేరు పెట్టిందని చెప్తారు. ఇప్పుడక్కడ లక్షకు పైగా జనం. ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆ ఊరికి బేస్‌బాల్ కుర్రాళ్ళు దిగుతారు. వాళ్ళను చూడ్డానికి దేశం నలుమూలల నుంచి మనుషులు వస్తారు. 2025 మార్చి మొదటివారంలో అలా వచ్చిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

మా చెల్లెలు వాళ్ళుండేది ఫీనిక్స్ నగరం పక్కన చాండ్లర్‌లో. ఇంటెల్ కంపెనీ ఫ్యాక్టరీ ఉన్న ఊరు, తెలుగువాళ్ళకు లోటు లేదు. నేను వెళ్ళగానే గ్రాండ్ కాన్యన్ చూపిస్తారనుకున్నాను. అదీ చూపించారనుకోండి. కానీ దానికంటే ముందు చెల్లెలి కొడుకు పట్టు పట్టాడు. "పెద్దమ్మా, మన కుమార్‌ని చూద్దాం రా" అని. ఎవరీ కుమార్ అంటే టెక్సాస్ రేంజర్స్ జట్టులో బంతి విసిరే కుమార్ రాకర్. తండ్రి ట్రేసీ రాకర్ ఒకప్పుడు పేరున్న అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు. తల్లి పేరు లలిత, భారతీయ సంతతికి చెందిన ఆవిడ. ఆ పేరు వినగానే నాకూ వెళ్ళాలనిపించింది. మన పేరున్న పిల్లాడు పరాయి ఆటలో ఉంటే చూడాలనిపించదూ!

చాండ్లర్ ఫీనిక్స్‌కు ఈ కొసన, సర్‌ప్రైజ్ ఆ కొసన. కారులో గంటకు పైనే పట్టింది. మార్చిలో అక్కడ నారింజ చెట్లు పూస్తాయి. కొన్ని వీధుల్లో కారద్దం దించితే చాలు, ఆ వాసనకు మన మల్లెపందిరి గుర్తొస్తుంది. ఊరు దాటిన చోటల్లా సగువారో అనే ఎత్తయిన బ్రహ్మజెముడు చెట్లు, చేతులెత్తి నిలబడ్డ మనుషుల్లాగా. మొదటి చెయ్యి మొలవడానికే యాభై ఏళ్ళకు పైగా పడుతుందట.

అసలు ఎడారిలో ఈ ఆట ఎందుకంటే, ఉత్తరాన ఫిబ్రవరిలో ఇంకా మంచు. మైదానంలో కాలు పెట్టలేరు. అందుకని పెద్ద లీగులోని 30 జట్లలో సగం ఫ్లోరిడాకు, సగం అరిజోనాకు వచ్చి సాధన చేసుకుంటాయి. అరిజోనాలో 1947లో రెండు జట్లతో మొదలైంది. ఇప్పుడు పదిహేను జట్లూ ఫీనిక్స్ చుట్టుపక్కలే ఉంటాయి. దీన్ని కాక్టస్ లీగ్ అంటారు, అంటే బ్రహ్మజెముడు లీగ్ అన్నమాట. సర్‌ప్రైజ్ స్టేడియంలో రేంజర్స్, కాన్సాస్ సిటీ రాయల్స్ రెండు జట్లూ కాపురం. ఉమ్మడి ఇంట్లో రెండు పొయ్యిల్లాగా నడిమధ్య స్టేడియం ఒకటే, సాధన మైదానాలు ఎవరివి వాళ్ళవి.

ఈ ఆరు వారాల్లో ఆడే మ్యాచ్‌లు లెక్కలోకి రావు. తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యేసరికి పరుగులు సమానమైతే సమానంగానే ఆపేసి ఎవరి దారిన వాళ్ళు పోతారు. లెక్కలోకి రాని ఆటకు ఇంత జనమేమిటని నాకు మొదట అర్థం కాలేదు. అక్కడ అసలు పోటీ జట్టుకూ జట్టుకూ మధ్య కాదు, ఒకే జట్టులో పిల్లాడికీ పిల్లాడికీ మధ్య అని మావాడు చెప్పాకే తెలిసింది.

లెక్క ఇలా ఉంటుంది. శిక్షణకు ఒక్కో జట్టుకు అరవై డెబ్బై మంది వస్తారు. మార్చి ఆఖరుకు మిగలాల్సింది 26 మంది. అందులో పిచర్లు, అంటే బంతి విసిరేవాళ్ళు, 13 మందికి మించకూడదు. ఆ పదమూడులో ఎక్కువ భాగం పేరున్నవాళ్ళకు ముందే ఖాయం. నిజంగా ఖాళీగా ఉండేవి రెండో మూడో. వాటికోసం పది పదిహేను మంది కుర్రాళ్ళు. మన రైలు వెయిటింగ్ లిస్టు నయం, అందులో మన నంబరెంతో మనకు తెలుస్తుంది.

పిచర్ మన క్రికెట్ బౌలర్ లాంటివాడే గాని పరుగెత్తుకుంటూ రాడు. పది అంగుళాల ఎత్తు మట్టిదిబ్బ మీద నిలబడి, ఒక కాలు పైకెత్తి, మోచెయ్యి మడిచి విసురుతాడు. 60 అడుగుల 6 అంగుళాల దూరంలో కొట్టేవాడుంటాడు. గంటకు 95 మైళ్ళ వేగం, అంటే నూట యాభై కిలోమీటర్ల పైమాట, ఇవాళ వాళ్ళకు మామూలు సంగతి. పైగా బేసుల మీద ఎవరూ లేనప్పుడు బంతి చేతికొచ్చాక 15 సెకన్లలో విసిరెయ్యాలని 2023 నుంచి గడియారం పెట్టారు. చూసేవాళ్ళకు సరదాగానే ఉంటుంది, బాధంతా మోచేతిది. లోపలి నరంలాంటి కట్టు తెగితే ఒంట్లో ఇంకోచోటి నుంచి తీసి అతికిస్తారు. 1974లో మొదటిసారి టామీ జాన్ అనే పిచర్‌కు చేశారు కాబట్టి ఆ ఆపరేషన్‌కు అతని పేరే స్థిరపడింది. కోలుకుని మళ్ళీ ఆడ్డానికి ఏడాది, ఏడాదిన్నర. చాలామంది పిల్లలు పాతికేళ్ళు నిండకుండానే అది చేయించుకుని ఉంటారని విని నా మోచెయ్యి నేనే తడుముకున్నాను.

కుమార్ కథా అదే. 2019లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ తరఫున దేశమంతా తిరిగి చూసేలా ఆడాడు. 2021లో న్యూయార్క్ మెట్స్ జట్టు పదోవాడిగా ఎంచుకుంది, కానీ డాక్టర్లు చెయ్యి చూశాక ఒప్పందం రాయలేదు. మరుసటి ఏడాది రేంజర్స్ మూడోవాడిగా తీసుకుని 52 లక్షల డాలర్లిచ్చింది. 2023 మేలో మోచేతి ఆపరేషన్. 2024 సెప్టెంబరు 12న గానీ పెద్ద జట్టులో మొదటి బంతి వెయ్యలేదు. అంత డబ్బిచ్చిన పిల్లాడికి కూడా 2025 శిక్షణకు వచ్చేసరికి సీటు గ్యారంటీ లేదు.

ఉదయం తొమ్మిదిన్నరకు మేం సాధన మైదానాల దగ్గరున్నాం. కంచె పక్కనే నిలబడి చూడొచ్చు. బంతి చేతి నుంచి వెళ్ళేటప్పుడు బుస్సుమనడం, అవతలివాడి తోలు గ్లవ్‌లో పడ్డప్పుడు టపామని మోగడం - టీవీలో ఆ చప్పుడు తెలీదు. ఒకడి వెనక ఒకడు విసురుతూనే ఉన్నారు. వెనక నిలబడ్డ కోచ్‌లు ఒక్క మాటా అనరు. కాగితం మీద ఏదో రాసుకుంటారు, అంతే. తిట్టినా బాగుండు ఆ కుర్రాళ్ళకు అనిపించింది నాకు.

కారు దగ్గరే పులిహోర, పెరుగన్నం తినేసి మధ్యాహ్నం స్టేడియంలోకి వెళ్ళాం. ఆట స్థలం చివర పచ్చిక గట్టు ఉంటుంది. దాని మీద కూర్చునే టికెట్టు చవక. అందరూ దుప్పట్లు పరుచుకుని, పిల్లల్ని ఆడించుకుంటూ, అచ్చం మన వనభోజనాలే. వేయించిన ఉప్పు వేరుశనక్కాయలు పొట్టుతోనే అమ్ముతారు. ఒలుచుకు తింటూ పొట్టు అక్కడే పారేస్తారు! ఏ మాటకామాటే చెప్పుకోవాలి, మన ఇసుకలో వేయించిన కాయల రుచి వాటికి లేదు.

కుమార్ ఆ రోజు ఆడలేదు. మొదలుపెట్టే పిచర్లకు అయిదు రోజులకోసారే వంతు. మావాడి మొహం చిన్నబోయింది. కానీ ఆ రోజు చూసింది నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది.

మా పక్క దుప్పటి మీద ఒకావిడ, నా వయసే ఉంటుంది, ఒక్కతే కూర్చునుంది. నెబ్రాస్కా నుంచి వచ్చిందట. చెల్లెలే మాటలు కలిపింది. కొడుకు రేంజర్స్ వాళ్ళ కింది జట్టు పిచర్. పెద్ద జట్టుకు మనుషులు తక్కువ పడతారేమోనని కింది జట్టు వాళ్ళను కొందరిని ఒక్కరోజుకు పిలుస్తారు. అలా ఆ రోజు పిలిచారు. అలాంటి పిల్లల వీపు మీద ఎనభైలు, తొంభైల అంకెలుంటాయి. ఒక్కోసారి పేరు కూడా ఉండదు. వంతు రావచ్చు, రాకపోవచ్చు. ఆవిడ చేతిలో కాయలు ఒలుస్తూనే ఉంది, ఒక్క గింజ నోట్లో వేసుకోలేదు. ఒలిచినవన్నీ ఒళ్ళో కుప్ప.

ఎనిమిదో ఇన్నింగ్స్‌కల్లా పెద్ద ఆటగాళ్ళు వెళ్ళిపోయారు. జనం కూడా సగం లేచి కార్ల దారి పట్టారు. తొమ్మిదోదానికి ఆ అబ్బాయి దిబ్బెక్కాడు. మొదటి ఇద్దరికీ బంతులు దారి తప్పి, ఊరికే నడిచి బేసులకు పోయారు. ఆవిడ లేచి నిలబడింది. అరవలేదు, చప్పట్లు కొట్టలేదు. తరవాత ఒకే దెబ్బకు ఇద్దరు ఔటయ్యారు. ఆఖరివాడు గాల్లోకి కొట్టి దొరికిపోయాడు. మొత్తం పది నిమిషాలు. ఆవిడ కూర్చుని, ఒళ్ళోని గింజలన్నీ మా పిల్లాడి దోసిట్లో పోసింది.

"రేపు మళ్ళీ పిలుస్తారా?" అని అడిగించాను. పిలవరేమో, ఇంకొకళ్ళ వంతు కదా అంది నవ్వుతూ. మా అబ్బాయి ఎంసెట్ రాసిన రోజు కాలేజీ గేటు బయట వేపచెట్టు కింద నేనూ ఇలాగే కూర్చున్నానని చెల్లెలి చేత చెప్పించాను. ఆవిడకు ఎంసెట్ అంటే ఏం తెలుస్తుంది? అయినా నా చెయ్యి పట్టుకుంది.

తేడా ఎంతో చెప్తే మీరు ముక్కున వేలేసుకుంటారు. పెద్ద జట్టులో 2025లో కనీస జీతం ఏడాదికి 7,60,000 డాలర్లు, మన లెక్కలో ఆరుకోట్ల పైన. దాని కిందిమెట్టు జట్టులో 2023 ఒప్పందం ప్రకారం కనీసం 35,800. అంతకు ముందైతే కింది జట్ల పిల్లలకు ఈ శిక్షణ వారాలకు జీతమే ఉండేది కాదు. కోర్టుకెక్కి పోరాడితే 2022లో 18.5 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది.

ఇంకో తిరకాసుంది. బాగా ఆడినవాడికే సీటు దొరుకుతుందనుకునేరు. కుర్రపిచర్‌ను మూడు సీజన్ల పాటు కిందికీ పైకీ పంపే హక్కు జట్టుకుంటుంది. ఆ మూడూ అయిపోయిన పాతవాణ్ణి కిందికి పంపాలంటే ముందు మిగతా జట్లకు చూపించాలి, కావలసినవాళ్ళు ఎత్తుకుపోతారు. అందుకని అతణ్ణి ఉంచేసుకుని, అతనికన్నా బాగా విసిరిన కుర్రాణ్ణి కిందికి పంపిస్తారు. ఇంట్లో ఎవరు సర్దుకుపోతారో వాళ్ళనే సర్దుకోమంటాం చూడండి, అలాగన్నమాట. ఆ మాట మేనేజరు గదిలోకి పిలిచి చెప్తారట. నాకైతే ఈ పద్ధతి నచ్చలేదు.

మేం వెళ్ళొచ్చిన తరవాత, మార్చి మధ్యలో, రేంజర్స్ పిచర్ జాన్ గ్రే మణికట్టుకు బ్యాటు మీంచి వచ్చిన బంతి తగిలి ఎముక విరిగింది. కోడీ బ్రాడ్‌ఫర్డ్ అనే ఇంకొకరికి మోచేతి నొప్పి, తరవాత ఆపరేషన్ దాకా పోయింది. అలా రెండు సీట్లు ఖాళీ అయ్యాయి. ఒకటి కుమార్‌కు, ఒకటి జాక్ లైటర్‌కు దొరికాయి. ఇద్దరూ వాండర్‌బిల్ట్‌లో కలిసి ఆడినవాళ్ళే. మావాడు ఫోన్ చేసి ఎగిరి గంతేశాడు. నాకు సంతోషమూ కలిగింది, ఆ మణికట్టూ గుర్తొచ్చింది. లైటర్ సీజనంతా దాదాపు నిలదొక్కుకున్నాడు. కుమార్‌కు భుజం ఇబ్బంది పెట్టింది, ఆగస్టులో మళ్ళీ రౌండ్ రాక్‌లో ఉన్న కిందిజట్టుకు పంపించారు.

నెబ్రాస్కా ఆవిడ కొడుకు సంగతి తెలీదు. మేం పేరు అడగలేదు, వీపు మీద పేరు లేదు.

ఫీనిక్స్ వైపు పిల్లలున్న తల్లులు వెళ్తే ఫిబ్రవరి చివర నుంచి మార్చి ఆఖరులోపు వెళ్ళండి. మే దాటితే ఆ ఎండకు బయట నిలబడలేం. పొద్దున చలి, మధ్యాహ్నం మాడు ఎండ కాబట్టి శాలువా, టోపీ రెండూ ఉండాలి. పచ్చిక టికెట్టు తీసుకుని పాత దుప్పటి పట్టుకెళ్ళండి. పెద్ద అంకెల కుర్రాళ్ళు ఆఖర్లో గానీ రారు, అందుకని జనమంతా లేచినా మీరు తొమ్మిదో ఇన్నింగ్స్ అయ్యేదాకా కూర్చోండి.