వేదాద్రి రేవులో ఒళ్ళు పట్టే చేతులు

చిల్లకల్లు దగ్గర హైదరాబాదు–విజయవాడ రహదారి వదిలి లోపలికి వెళ్తే కృష్ణ ఒడ్డున వేదాద్రి. కొండ మీద జ్వాలా నరసింహుడు, ఏట్లో సాలగ్రామ నరసింహుడు, గుడిలో యోగానంద, లక్ష్మీ నరసింహులు, కొంత దూరాన గరుడాద్రి మీద వీర నరసింహుడు. దర్శనానికి వచ్చేవాళ్ళలో ఒంట్లో బాగాలేక మొక్కుకున్నవాళ్ళూ ఉంటారు. నేను వెళ్ళింది మాత్రం రేవులో తలనీలాలు తీసే ఒక పెద్దాయన కోసం. మెడో నడుమో పట్టేసినవాళ్ళకు ఒళ్ళు పట్టడంలో ఆయన చెయ్యి మంచిదని జగ్గయ్యపేటలో చెప్పారు.

రద్దీ తగ్గాక సిమెంటు బస్తాలెత్తే కుర్రాడొకడు వచ్చాడు. మెడ తిరగక, పక్కకు చూడాలంటే మనిషే తిరుగుతున్నాడు. పెద్దాయన అతన్ని మెట్టు మీద కూర్చోబెట్టి వెనక చేరాడు. ఎప్పుడు మొదలైంది, చెయ్యి తిమ్మిరెక్కుతోందా, వేళ్ళకు పట్టు తప్పుతోందా అని అడిగాడు. లేదన్నాక నువ్వులనూనె అరచేతుల్లో రుద్దుకుని, మెడ జోలికి పోకుండా రెక్క ఎముక అంచు వెంబడి బొటనవేలితో తడుముతూ పోయాడు. ఒకచోట కుర్రాడు ‘అబ్బా’ అన్నాడు. వేలు అక్కడే ఆగింది. ఊపిరి వదిలినప్పుడు కాస్త నొక్కు, పీల్చినప్పుడు కాస్త వదులు. చాలాసేపు అదే పని. ఆ తర్వాతే చెయ్యి మెడ మీదికి వెళ్ళింది.

“ఒక్కసారి మెడ విరిచెయ్యి తాతా, పోద్ది” అన్నాడు కుర్రాడు.

“విరవనురా. మా నాయన ఎప్పుడూ చెయ్యనిచ్చేవాడు కాదు. చెయ్యి తిమ్మిరెక్కిందన్నోళ్ళని ఆసుపత్రికే పొమ్మంటా.”

ఈ జాగ్రత్త చూడగానే నాకు బ్యాంకాక్‌లోని వాట్ ఫో ఆలయం గుర్తొచ్చింది. అక్కడ చాప మీద బట్టలతోనే పడుకోబెట్టి, నూనె లేకుండా బొటనవేలు, అరచెయ్యి, మోచెయ్యి, మోకాలు, పాదం వాడి ఒళ్ళు పడతారు. మధ్యమధ్య కాళ్ళూ చేతులూ యోగాసనాల్లోలాగా వంచి సాగదీస్తారు. వాళ్ళు చెప్పే పది ప్రధాన నాడుల్లో మొదటి మూడూ మన ఇడ, పింగళ, సుషుమ్నలే. ఆదిగురువుగా మొక్కేది బుద్ధుడి కాలపు వైద్యుడు జీవకుడికి. 1830లలో మూడో రాముడనే రాజు ఈ విద్యంతా పాలరాళ్ళ మీద చెక్కించాడు. నొక్కవలసిన చోట్లు చూపే 60 మనిషి బొమ్మలు, సాగదీసే భంగిమల్లో ఋషుల విగ్రహాలు ఆ కాలంలో వచ్చినవే. 1955లో ఆలయంలోనే పాఠశాల పెట్టారు. 2019లో థాయ్ మర్దనం యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. చైనా వాళ్ళ ‘తుయినా’ మర్దనం ఇప్పుడు వాళ్ళ సంప్రదాయ వైద్య విశ్వవిద్యాలయాల్లో పాఠ్యాంశం. ఈ రెంటికీ ఎంత శిక్షణ కావాలో, ఎవరికి చేయకూడదో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ప్రమాణాలు ప్రకటించింది.

“మా అమ్మ మంత్రసాని బాబూ,” అన్నాడు పెద్దాయన చేతులు తుడుచుకుంటూ. “బాలింతలకి వావిలాకు నీళ్ళు పోసేది. పసిపిల్లల్ని కాళ్ళ మీదేసుకుని నూనె రాసేది. ఒళ్ళెట్టా పట్టాలో మా నాయన కంటే ఆమే ఎక్కువ చెప్పింది.”

“మీ పిల్లలకు నేర్పారా?”

“ఎవరు నేర్చుకుంటారు? ఒళ్ళు పట్టించుకున్నంతసేపు తాతా అంటారు. లేచినాక కులం పేరు పెట్టి పిలుస్తారు.”

నాయీబ్రాహ్మణులు ఒకప్పుడు మన పల్లెల్లో వైద్యులు. పుళ్ళు కోసి కట్టుకట్టింది వాళ్ళు, కాన్పులు చేసింది ఆ ఇళ్ళ ఆడవాళ్ళు. ఆ విద్యను మనం సరిగా రాసుకోలేదు. పరాయి విద్యకు మాత్రం చోటు దొరికింది. 1938లో చైనా వెళ్ళిన భారత వైద్య బృందంలోని డాక్టర్ బసు 1959లో ఆక్యుపంక్చర్ అనే చైనా సూది వైద్యాన్ని కలకత్తాకు తెచ్చారు. 2003లో దాన్ని చికిత్సా పద్ధతిగా కేంద్రం గుర్తించింది. మంచిదే. దూరదేశపు సూదికి దొరికిన గౌరవం మన రేవులోని వేలికి దొరకలేదనేదే నా బాధ.

తిరుగుదారిలో జగ్గయ్యపేట ధనంబోడు దగ్గర ఆగాను. 1882లో పురావస్తు పరిశోధకుడు బర్జెస్ తవ్వించిన బౌద్ధ స్తూపం ఇది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో ఇక్కడ స్తూపానికి ఆయక స్తంభాలనే ఐదు రాతి స్తంభాలు నిలిపినవాడు సిద్ధార్థుడనే శిల్పి. తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు రాతి మీద చెక్కించుకున్నాడు. అదే రాజు కాలపు నాగార్జునకొండ శాసనమొకటి సింహళ బౌద్ధాచార్యుల ప్రభావం సాగిన దేశాల్లో చైనానూ లెక్కవేసింది. చేతిపని మనిషి పేరు పదిహేడు వందల ఏళ్ళు నిలిచిన నేల ఇది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. చైనా వాళ్ళు ‘చీ’ అనే ప్రాణశక్తి ప్రవహిస్తుందని చెప్పే దారులు గానీ, థాయ్ నాడులు గానీ శరీరాన్ని కోసి చూసినప్పుడు దొరకలేదు. చెయ్యి తగలకుండా శక్తి పంపి రోగం తీస్తామనే మాటకూ రుజువు లేదు. అలాంటి చోట్ల డబ్బు పోసేవాళ్ళను చూస్తే మనసు కలుక్కుమంటుంది. మర్దనంతో మెడనొప్పి, నడుంనొప్పి కొంతకాలం తగ్గుతాయని మాత్రం పరిశోధనలు చెబుతున్నాయి. నొప్పి మీద వేలు ఎక్కడ ఆపాలో, ఎవరిని ఆసుపత్రికి పంపాలో తెలిసినవాడికి నాడుల లెక్క తప్పినా చెయ్యి తప్పదు.

దేవాదాయ శాఖ, విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కలిసి కల్యాణకట్టల్లో పనిచేసే నాయీబ్రాహ్మణులకు, మిగిలిన కొద్దిమంది మంత్రసానుల కుటుంబాలకు ఒక చిన్న కోర్సు పెట్టాలి. ఎముకలు, కండరాలు, ప్రమాద సూచనలు వైద్యులు చెప్పాలి. పట్టు మాత్రం ఈ పెద్దల చేతే చెప్పించాలి. గురువులుగా జీతమిచ్చి, సర్టిఫికెట్ మీద వాళ్ళ పేరు వెయ్యాలి. వేదాద్రిలోనే మొదలుపెట్టండి. పెద్దాయనకు డెబ్బై దాటాయి.