గుంటగలగర ఆకు

జవహర్‌నగర్‌లో మా ఇంటి వెనుక ఖాళీ జాగాలో మొలిచిన ఆకునే గుంటగలగర అనుకొని నాలుగేళ్ళు తలనూనె కాచాను. మొన్న వానాకాలం మా అత్తగారు వచ్చారు. ఆమెకు చూపు బాగా మందగించింది. ఆ ఆకు చేత్తో నలిపి, "నా వేళ్ళు నల్లబడ్డాయేమో చూడమ్మా" అన్నారు. నల్లబడలేదు. "అయితే ఇది గడ్డిచామంతి" అని తేల్చేశారు. నాకు సిగ్గు వేసింది. ఆ నూనె సీసాలు చెల్లెళ్ళకు కూడా పంచిపెట్టాను మరి!

మరునాడు ఇద్దరం శామీర్‌పేట చెరువు అంచున తడి నేలలో వెదికాము. రెండూ చామంతి కుటుంబానివే. గడ్డిచామంతి మెట్టనేలలోనూ బ్రతుకుతుంది. పొడవాటి కాడ చివర ఒకే పువ్వు, పసుపు బొడ్డు, చుట్టూ నొక్కులున్న రేకులు, గింజకు గాలిలో ఎగిరే కుచ్చు. గుంటగలగరకు చిన్న తెల్లపువ్వు. ఆకుకు కాడ దాదాపు ఉండదు, గింజకు కుచ్చు లేదు. 1771లో లిన్నేయస్ అనే శాస్త్రజ్ఞుడు దానిని ఎక్లిప్టా అన్నాడు. 'లోపించినది' అనే అర్థమున్న గ్రీకు మాట అది.

ఈసారి నేనే ఆకు నలిపాను. కాసేపటికి రసం నల్లగా తిరిగింది.

"నల్లబడిందా?" అత్తగారు అడిగారు.

"బడింది అత్తమ్మా."

"కొంగుకు తుడుచుకోకు, మరక పోదు" అన్నారు.