మొగలి బట్టీ దగ్గర

బరంపురం నుంచి ఛత్రపురం వైపు వెళ్తుంటే పొలం గట్లకీ కాలవలకీ మొగలి పొదలే కంచె. తోట వేసి పెంచినట్టుండదు. ఇసుక కోసుకుపోకుండా, పశువులు పైరు మీద పడకుండా నాటిన ముళ్లపొద, వానలు పడగానే రైతు చేతిలో నాలుగు డబ్బులు పెడుతుంది. ఈ గంజాం ప్రాంతం 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. బరంపురం బజారులో ఇప్పటికీ తెలుగు బాగానే వినిపిస్తుంది. అత్తరు బట్టీ చూడాలని వచ్చామంటే మేస్త్రీ కూడా తెలుగులోనే "రండి బాబూ, ఇప్పుడే పూలు దిగాయి" అన్నాడు.

రేకుల షెడ్డు కింద పొత్తులు గుట్టగా పోసి ఉన్నాయి. ఎండెక్కితే వాసన తగ్గిపోతుందని తెల్లవారుతూనే కోసి తెస్తారు. ఆ వాసనంతా మగ చెట్టు పువ్వుదే. ఆడ చెట్టు అనాసలాంటి కాయ కాస్తుంది గానీ బట్టీవాళ్లకి దానితో పనిలేదు. అందుకే రైతులు మగ చెట్టు పిలకలే తెచ్చి నాటుకుంటారు. పువ్వుని తూకానికి కాదు, లెక్కకి కొంటారు. ఒక్కో వాయికి దాదాపు వెయ్యి.

పూలూ నీళ్లూ పోసిన పెద్ద రాగి డేగు మట్టిపొయ్యి మీద ఉంటుంది. మూత చుట్టూ దూదీ బంకమట్టీ కలిపి మెత్తుతారు. మూతలోంచి తాడు చుట్టిన వెదురు గొట్టం ఏటవాలుగా దిగి, నీళ్ల తొట్టిలో మునిగిన భాప్కా అనే రాగి పాత్రలోకి వెళ్తుంది. ఆవిరి అక్కడ చల్లబడి నీరవుతుంది. థర్మామీటరు లేదు, గడియారం లేదు. మేస్త్రీ తొట్టిలో చెయ్యి పెట్టి భాప్కా ఒళ్లు తడుముతాడు. ఎంతవరకు వేడెక్కిందో, లోపల ఎంత నిండిందో ఆ చేతికే తెలియాలి. భాప్కా మార్చే వేళకి తడిగుడ్డతో డేగు పైభాగం గబగబా తుడిచాడు. ఆవిరి కాసేపు వెనక్కి తగ్గింది. ఆ సందులో ఒకటి ఊడదీసి ఇంకోటి బిగించడం నేను నోట్సు రాసుకునేలోపే అయిపోయింది.

అదే ఆవిరి గంధపు నూనెలోకి దిగితే అత్తరు. గంధం ధర మండిపోయాక చాలాచోట్ల పారఫిన్‌తో సరిపెడుతున్నారు. నీళ్ల మీద తేలే అసలు నూనె రూహ్. వెయ్యి పూలకి వచ్చేది చారెడు కూడా ఉండదు. మిగిలిన సువాసన నీళ్లు మిఠాయిల్లోకి, బిర్యానీల్లోకి వెళ్తాయి.

మనకి మొగలి రేకులంటే జడ, పట్టుచీరల పెట్టె. శివపూజకి పనికిరాదన్న శాపం ఎలాగూ ఉంది. బట్టీని బతికించింది మాత్రం ఇవేవీ కావు, పాన్ మసాలా, జర్దా. 2012 నుంచి రాష్ట్రాలు వరసగా గుట్కా నిషేధించేసరికి ఇక్కడ పువ్వు ధర కుంగింది. గుట్కా పోవడం మంచిదే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఇంత కష్టపడి తీసిన వాసన ఉమ్మితొట్టి మీద ఆధారపడేదాకా ఎందుకు రానిచ్చారన్నదే నా అభ్యంతరం. దేశంలోని మొగలి నూనెలో సింహభాగం ఈ ఒక్క జిల్లాదే, గంజాం రూహ్‌కి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

ఈ నూనెలో ముఖ్యమైన పదార్థం ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్‌ని ఫ్యాక్టరీలో చవగ్గా చేసేస్తున్నారు. మేస్త్రీ రెండు దూది ఉండలు ముందు పెట్టాడు. ఫ్యాక్టరీది ముక్కుకి సూటిగా తగిలి అక్కడే ఆగింది. రూహ్‌లో ముందు తేనె, ఆ వెనక పచ్చి ఆకు, చివర్న కాస్త ఘాటు. "ధర అడిగేవాళ్లే గానీ, ఇలా వాసన చూసేవాళ్లు ఎవరు బాబూ?" అన్నాడు.

ఇంతలో ఇంకో బండి వచ్చింది. లెక్కకి పది పూలు తక్కువున్నాయని ఇతను, పొద్దున్నే తన చేత్తో లెక్కపెట్టానని తెచ్చినావిడ. ఒడియాలో మొదలైన గొడవ క్షణంలో తెలుగులోకి దిగింది.