రోడ్డు కోసం రాళ్లు మోసిన రైలింజను

పేరు జీపు. పరిగెత్తేది మాత్రం పట్టాల మీద! కాగితాల్లో 'డబ్ల్యూటీ క్లాస్' అని రాసుకున్నా, ఉత్తర ఐర్లాండ్ రైల్వే సిబ్బందికి ఈ ఆవిరి ఇంజన్లు జీపులే. 1946-50 మధ్య ఇంగ్లండ్‌లోని డర్బీ వర్క్‌షాపులో మొత్తం 18 తయారయ్యాయి. ఇంగ్లండ్‌లో పట్టాల మధ్య దూరం 4 అడుగుల 8 1/2 అంగుళాలు, ఐర్లాండ్‌లో 5 అడుగుల 3 అంగుళాలు. అంటే, సొంతూళ్లో పట్టాలెక్కే యోగం కూడా లేదన్నమాట. (మన బ్రాడ్‌గేజ్ ఇంకో 3 అంగుళాలు ఎక్కువే.)

మన పాత బొగ్గింజన్ల వెనక టెండరు ఉండేది గుర్తుందా? బొగ్గూ నీళ్లూ అందులోనే. జీపుకి ఆ తోక లేదు. నీళ్లు బాయిలరుకి అటూ ఇటూ ఉన్న ట్యాంకుల్లో, బొగ్గు డ్రైవరు వీపు వెనకే. కాబట్టి ముందుకెంత హాయిగా నడుస్తుందో వెనక్కీ అంతే. చివరి స్టేషన్లో ఇంజన్ని తిప్పుకోవాల్సిన తిప్పలుండవు.

అయితేనేం, డీజిల్ రైళ్లు వచ్చేశాయి. ప్రయాణికులు బస్సులకీ కార్లకీ మళ్లారు. జీపులు ఒక్కొక్కటే మూలకు చేరుతున్న రోజుల్లో, 1966లో చిత్రమైన పని తగిలింది. బెల్‌ఫాస్ట్ దగ్గర సముద్రపు బురదనేల మీద ఎం2 మోటార్‌వే వేయాలి. అక్కడ పోయడానికి కొండలకొద్దీ రాళ్లు కావాలి. అవి మాఘెరామోర్న్ క్వారీలో ఉన్నాయి. లారీలకంటే రైలే మేలనుకున్నారు. ముందొక జీపు, వెనకొక జీపు, మధ్యలో 20 రాళ్ల వ్యాగన్లు... తమ ప్రయాణికుల్ని లాక్కునే రోడ్డుకి తామే పునాది మోశాయి! పాపం అనాలో, అదృష్టం అనాలో. ఆ రోడ్డే లేకపోతే అవి ఇంకా ముందే తుక్కయ్యేవి మరి.

1968 ఆగస్టులో బ్రిటిష్ రైల్వే మెయిన్‌లైన్లలో ఆవిరికి సెలవు చెప్పేసింది. జీపులు మాత్రం 1970 మే వరకూ రాళ్లు లాగుతూనే ఉన్నాయి. బ్రిటన్, ఐర్లాండ్ దీవులు రెంటిలోనూ మెయిన్‌లైన్ మీద రోజువారీ కొలువు చేసిన ఆఖరి ఆవిరి ఇంజన్లు అవే.

ఆ 18లో మిగిలింది ఒక్కటే, 4వ నంబరు. ఐర్లాండ్ రైల్వే సంరక్షణ సంఘం 1971లో దాన్ని కొనుక్కుంది. తర్వాత ఏళ్ల తరబడి అది విహార రైళ్లు లాగింది. ఇంజన్లు వాలిపోయే వయసులో ఊరూరా పిల్లల్ని తిప్పింది! ఆ సంఘం షెడ్డు ఉన్నది వైట్‌హెడ్‌లో. రాళ్ల రైళ్లు రోజూ పొగలు కక్కుతూ వెళ్లింది ఆ స్టేషన్ మీదుగానే.