నాన్నగారి కారు



పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక మీలో చాలామంది "అయ్యగారూ, కారు ఏదీ?" అని అడిగారు. అప్పుడు మాట దాటేశాను. ఇప్పుడు చెబుతున్నాను.

2008లో నాన్నగారు తన రిటైర్మెంటు డబ్బుతో కొన్న కారు అది. మన పెళ్లికూతుళ్లను మందిరానికి తెచ్చింది. నొప్పులు పడుతున్న తల్లులను అర్ధరాత్రి ఆసుపత్రికి చేర్చింది. నాన్నగారిని చివరిసారి ఇంటికి తీసుకొచ్చిందీ అదే. 2023లో 15 ఏళ్లు నిండితే ఫిట్‌నెస్ చేయించి, 5,000 రూపాయల ఫీజు కట్టి, మరో 5 ఏళ్లకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ తెచ్చుకున్నాను. కాగితం ప్రకారం 2028 వరకు ఢోకా లేదు.

రెండు నెలల క్రితం మెకానిక్ కారును పైకెత్తి నన్ను కిందికి వంగి చూడమన్నాడు. మన సముద్రపు ఊళ్ల ఉప్పుగాలికి అడుగు రేకు తినేసింది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే అవతలికి దిగింది. బ్రేకు పైపులదీ అదే గతి. "అన్నీ చేస్తే 40,000 అవుద్ది అయ్యగారూ. కారు అమ్మినా అంత రాదు. చేశాక కూడా వచ్చే వానాకాలం దాటుద్దని మాట ఇవ్వలేను" అన్నాడు.

ఈ సంగతి తెలిసి ఇద్దరు పెద్దలు చందా పోగుచేస్తామన్నారు. నా ప్రాణం లేచి వచ్చింది. ప్రార్థన కూడా చేశాను. అయితే ప్రభువు చిత్తం తెలుసుకోవడానికి కాదు, నా ఇష్టానికి ఆయన చేత సరే అనిపించుకోవడానికి.

ఒక రాత్రి నా భార్య అడిగింది: "ఇప్పుడు ఎవరైనా వచ్చి తలుపు కొడితే ఆ బ్రేకులతో వాళ్లను ఎక్కించుకుంటారా?"

నేను జవాబు చెప్పలేదు. ఎందుకంటే అప్పటికే ఎక్కించుకున్నాను. మెకానిక్ చెప్పిన వారానికే జ్వరంతో ఉన్న ఒక బిడ్డనూ తల్లినీ తీసుకెళ్లాను. రైల్వే గేటు దగ్గర బ్రేకు మూడుసార్లు తొక్కితే గాని పట్టలేదు. ఆ తల్లి వెనక సీట్లో కూర్చుని నన్ను దీవిస్తూనే ఉంది. అమ్మా, నువ్వు ఇది చదువుతావు. నన్ను క్షమించు.

రాజులు రెండవ గ్రంథం 18వ అధ్యాయంలో హిజ్కియా ఇత్తడి సర్పాన్ని పగలగొట్టించాడు. అది దేవుడు చెప్పగా మోషే చేసినదే, ఎందరికో ప్రాణం నిలిపినదే. కానీ తరువాతి వాళ్లు దానికే ధూపం వేయసాగారు. నేను కారుకు ధూపం వేయలేదు ప్రియులారా. ఒక బిడ్డ ప్రాణాన్ని దాని మీద పెట్టాను. నాన్నగారి జ్ఞాపకం అనుకున్నాను గాని, "పాస్టరుగారి కారు" అని మీరు అనే మాట మీద ఆశ కూడా అందులో ఉంది.

చందా వద్దని పెద్దలకు చెప్పాను. కారును తుక్కు కింద ఇచ్చేశాను. వచ్చిన డబ్బు రాత్రివేళ ఆటో ఖర్చుల కోసం సంఘం పెట్టెలో వేశాను. మీకు అవసరం వస్తే ముందు 108కి ఫోన్ చేయండి, తరువాత నాకు చేయండి. స్కూటర్ మీద మీ వెనకాలే వస్తాను.

మీ ఇంట్లో దేవుడు ఒకప్పుడు వాడుకున్నది, ఇప్పుడు మీరు వదలలేకపోతున్నది ఏదైనా ఉందేమో, ఈ వారం ప్రార్థనలో నిజాయితీగా అడగండి.

ప్రభువు మిమ్మును కాపాడును గాక. ఆమేన్.