గోడమీది గీత

మా కాలనీ సంఘం మీటింగులంటే నాకు మొదటినుంచీ పెద్ద గౌరవం లేదు. మంచినీళ్ల ట్యాంకరు ముందు ఎవరి గుమ్మం దగ్గర ఆగాలి, వినాయక చవితి చందా ఎవరు ఎగ్గొట్టారు - ఈ రెండు సమస్యలతోనే ఇన్నేళ్లూ గడిచిపోయాయి. మంచి కాఫీ ఇస్తారు గనుక వెళుతూ ఉంటాను. కాని మొన్నటి మీటింగులో మాత్రం కాఫీ చల్లారిపోయినా ఎవరూ ముట్టలేదు.

మాది హైదరాబాదు శివార్లలో చెరువు పక్క కాలనీ. అవతలి ఒడ్డున చాలా జాగా ఖాళీగా ఉంది. ఎండల్లో అక్కడ బర్రెలు మేస్తాయి, వానల్లో నీళ్లు నిలుస్తాయి. ఆ జాగాలో పన్నెండంతస్తుల ఇళ్లు కడతామని ఈమధ్య బోర్డు పెట్టారు. బోర్డు మీది బొమ్మలో చెరువు నీలంగా ఉంది. తెల్లటి కొంగలు కూడా ఉన్నాయి. మా చెరువు ఆ రంగులో ఉండగా నేనెన్నడూ చూడలేదు.

మా బావమరిది అందులో ఒక ఫ్లాటుకు అడ్వాన్సు కట్టేశాడు. "పొద్దున్నే కిటికీ తీస్తే ఎదురుగా నీళ్లే బావగారూ!" అన్నాడు సంబరంగా.

"కిటికీ తియ్యకపోయినా వస్తాయేమోరా, కనుక్కున్నావా?" అంది మా ఆవిడ.

ఆ కనుక్కోవడం గురించే మీటింగు. మా కాలనీలో నీటిపారుదల శాఖలో చేసి రిటైరైన ఇంజనీరుగారొకరున్నారు. ఇంటికి రెండువేలు వేసుకుని మనమే సర్వే చేయిద్దామన్నారు ఆయన. చెరువు హద్దంటే ఇవాళ నీళ్లున్న చోటు కాదట. చెరువు నిండి మత్తడి దుమికే వేళకు నీళ్లు ఎంతదాకా పరుచుకుంటాయో అదీ హద్దు. దాన్నే ఎఫ్.టి.ఎల్. అంటారు. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఆ గీత దాటి ఇంకో 30 మీటర్ల దాకా ఇల్లు కట్టకూడదని నిబంధన. "ఆ గీత ఎక్కడుందో తెలియకుండా ఇది మంచిదనీ చెడ్డదనీ వాదించుకోవడం దేనికి?" అన్నారాయన.

వెంటనే ఒకాయన లేచాడు. "మనం ఇళ్లు కట్టుకున్నప్పుడు ఎవరైనా సర్వే చేయించారా? మనకు గూడు దొరికింది గదా అని తరువాత వచ్చేవాళ్లకు తలుపు మూసేస్తామా?" ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కాంట్రాక్టు వస్తే రోడ్డు వస్తుందనీ, స్థలాల ధర పెరుగుతుందనీ మరొకరన్నారు. సర్వేలన్నీ పని ఆపడానికి వేసే ఎత్తులేనని ఇంకొకరు తేల్చేశారు.

ఇంజనీరుగారు కోపం తెచ్చుకోలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఈ ఊళ్లో వేలమందిని పొట్టన పెట్టుకున్న సంగతి చెప్పారు. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టెక్కి నూటయాభైమంది దాకా బతికి బయటపడ్డారట. ఆ తరువాత విశ్వేశ్వరయ్యగారిని పిలిపిస్తే, ఆయన ముందు వాననూ, వాగులనూ, చెరువులనూ లెక్క కట్టారు. ఆ లెక్కల మీదనే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. "కొలిచాకే కట్టారండీ" అన్నారు ఇంజనీరుగారు.

అంతదాకా మాట్లాడని ఒక పెద్దమనిషి వెనక వరసలోంచి మెల్లిగా అడిగాడు. "అన్నట్టు, ఆ సర్వేవాళ్లు అవతలి ఒడ్డునే కొలిచి వెళ్లిపోతారా? చెరువుకు ఇటుపక్క కూడా ఒడ్డుంది గదా!"

హాలంతా నిశ్శబ్దమైపోయింది. కాఫీలు చల్లారింది అప్పుడే.

నా సంగతి చెబుతాను. 1996లో ఈ స్థలం కొన్నాను. పట్నంలో ఇంత చవకగా ఎందుకొస్తోందని అమ్మినవాణ్ణి అడగలేదు. అడిగితే ధర పెంచుతాడేమోనని భయపడ్డాను. 2020 అక్టోబరు 13 రాత్రి వాన మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. పల్లెచెరువు కట్ట తెగింది ఆ రాత్రే. మా ముందుగదిలోకి మోకాలెత్తు నీళ్లొచ్చాయి. నీళ్లు తీశాక గోడమీద మట్టి గీత మిగిలింది. దాని మీద రెండు కోట్లు రంగు వేయించాను. ఎప్పుడైనా ఇల్లు అమ్మవలసి వస్తే కొనేవాడు చూడకూడదు గదా!

అవతలి ఒడ్డు వాళ్లను గురించి ఇంతసేపూ ధర్మపన్నాలు వల్లించిన నేను, ఆ పెద్దమనిషి ప్రశ్న విని తల వంచుకున్నాను.

అప్పుడు మా ఆవిడ లేచింది. "థర్మామీటరు పెట్టుకోకపోతే జ్వరం పోతుందాండీ?" అని మాత్రం అని కూర్చుంది.

చేతులెత్తమన్నారు. సర్వేకు 34 మంది, వద్దని 29 మంది. మా ఆవిడ చెయ్యి ముందు లేచింది, నాది తరువాత లేచింది. మా ఇంట్లో ఈ వరస కొత్తది కాదు.

మొన్న గురువారం సర్వే కుర్రాడు ముక్కాలిపీట మీద యంత్రం పెట్టుకుని వచ్చాడు. "2020లో నీళ్లు ఎంతదాకా వచ్చాయి సార్?" అని అడిగాడు. నేను గోడవైపు చూసి నీళ్లు నమిలాను. మా ఆవిడ లోపలికి పిలిచి, దేవుడి గూడు పక్కన వేలాడే క్యాలెండరు పక్కకు జరిపింది. వెనక పెన్సిలు గీత, దాని పక్కన తేదీ. నేను రంగు వేయించిన మర్నాడే గీసి పెట్టిందట.

కుర్రాడు కొలిచి రాసుకున్నాడు. రిపోర్టు రావడానికి ఇంకా వ్యవధి ఉంది. అందులో మా ఇల్లు గీతకు ఇటుంటుందో అటుంటుందో నాకు తెలియదు. రాత్రిళ్లు సరిగా నిద్ర పట్టడంలేదన్నది నిజం.

సర్వే మాట విన్నప్పటినుంచీ మా బావమరిది ముఖం చాటేశాడు. నిన్న రాత్రి మాత్రం ఫోను చేశాడు. వచ్చే నెల రెండో వాయిదా కట్టాలిట.

"రిపోర్టు వచ్చాక నాకూ ఒక కాపీ ఇప్పించండి బావగారూ. అందాకా వాయిదా కట్టకుండా ఆగుతాను" అన్నాడు.